సెలవడగందే కదలని కస్మూరి గారు

కస్మూరి గారికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. సెలవడగకుండా ఎక్కడి నుంచీ కదలరు. పెద్దలకు చెప్పి బయల్దేరడం మా జావా వాళ్ళందరికీ ఉన్న మర్యాదే అనుకోండి. కానీ మేం మనుషులకు చెప్పి వస్తాం, ఆయన కూర్చున్న కుర్చీకి కూడా చెప్పి వస్తారు.

మా పెకలొంగాన్ ఊళ్ళో ఏ పెళ్ళికి వెళ్ళినా ఆయన భోజనానికి పావుగంట పడుతుంది, బయటపడటానికి రెండు గంటలు. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, వాళ్ళ తల్లిదండ్రులు, వంటవాళ్ళు, పాటలు పాడే అమ్మాయి, ఆఖరికి చెప్పుల దగ్గర కాపలా ఉన్న ముసలాయన, అందరికీ వంగి వంగి "మరి నాకు సెలవిప్పించండి" అని చెప్పాలి. మా మరిది కూతురి పెళ్ళిలో ఈ తంతు ముగిసేసరికి పందిరి విప్పేస్తున్నారు. వంటావిడ జాలిపడి, "అయ్యో, మళ్ళీ ఆకలేసి ఉంటుంది, రెండు ముద్దలు తిని వెళ్ళండి" అని పనసపొట్టు కలిపిన అన్నం పెట్టింది. తిన్నారు. తిన్నాక సెలవులు మళ్ళీ మొదటి నుంచీ మొదలు.

ఆయన భార్య సులసి ఇంకో కథ చెబుతుంది.

"మా నాన్న ఈయన్ని మెచ్చి నన్నిచ్చాడనుకున్నావా? పిల్లని చూడ్డానికొచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి గంటన్నర సేపు సెలవడిగాడు. 'నాయనా, పిల్లనిస్తాంలే, ఇంక బయల్దేరు' అన్నాడు మా నాన్న."

రేవు వీధిలో ఆయనకు కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. చచ్చిపోయిన ల్యాప్‌టాప్ తెస్తే అందులోని హార్డ్ డిస్క్ విప్పి, అరచేతిలో పట్టే పెట్టెలో బిగించి, తోకలాంటి వైరు తగిలించి, వేరే కంప్యూటర్‌కి కలిపి వాడుకునేలా చేసివ్వడంలో ఆయన దిట్ట. ఇల్లు కూలినంత మాత్రాన లోపలి మనిషి పోయినట్టు కాదంటారు. అయితే ఆ తోకను ఎవరైనా ఊరికే లాగారో, అయిపోయారే! ఓసారి చేపల వేలంశాల గుమాస్తా లాగబోయాడు.

"ఆగండాగండి! అడిగారా?"

"ఎవర్నండీ?"

"కంప్యూటర్ని. తెర మీద ఆ మూల నొక్కి, వెళ్ళొస్తానని చెప్పించండి. అది సరే అన్నాక తీసుకోండి."

"సరే అనకపోతే?"

"ఏదో పనిలో ఉందన్నమాట. కూర్చోండి, టీ తాగుదాం."

"వైరుక్కూడా మర్యాదేంటండీ బాబూ!"

"మీరు ముద్ద కలుపుతుంటే ఎవరో వచ్చి కంచం లాగేస్తే ఎలా ఉంటుంది? దానికీ అంతే."

గుమాస్తా మూడు గ్లాసుల టీ తాగి బయటపడ్డాడు. ఇవన్నీ నేను పదిమందికీ చెప్పి నవ్విస్తుండేదాన్ని. నా దాకా వచ్చేవరకు.

నాది బాతిక్ పని. వేడి మైనంతో గుడ్డ మీద పువ్వులు వేసే ఆడవాళ్ళు ఆరుగురు నా దగ్గర పని చేస్తారు. ఆ పువ్వులన్నీ మా అత్తయ్య రుకయా గీసినవే, అరవై రెండు నమూనాలు. రెండేళ్ళ కిందట సముద్రం పోటెత్తి నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ కాగితాలన్నీ నాని ముద్దయిపోయాయి. అంతకుముందే ఫొటోలు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాను కనుక బతికిపోయాం. అత్తయ్య చెయ్యి ఇప్పుడు వణుకుతోంది, మళ్ళీ అన్నీ గియ్యమనలేం. సరిగ్గా రంజాన్ పండగ నెలన్నర ఉందనగా ఆ ల్యాప్‌టాప్ కాస్తా కన్నుమూసింది. మైనం కరిగింది, గుడ్డలు పరిచారు, ఆరుగురూ మైనపు కలాలు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. చూసి వెయ్యడానికి బొమ్మ లేదు. పండగ గుడ్డలు పోతే ఈ ఏడాది ఆ ఆరిళ్ళకూ పండగ లేనట్టే.

పరుగున కస్మూరి గారి దగ్గరికి వెళ్ళాను.

"ఇంకోచోట కాపీ పెట్టుకోమన్నాను కదమ్మా ముర్నీ?"

"పెట్టానండీ."

"హమ్మయ్య! ఎక్కడ?"

"అందులోనే. ఇంకో ఫోల్డర్‌లో."

"అంటే తాళంచెవి పోతుందేమోనని రెండోది చేయించి, రెండూ ఒకే గుత్తికి వేలాడదీశావన్నమాట" అని ఆయన స్క్రూడ్రైవర్ తీశారు.

డిస్క్ బయటికి వచ్చింది, పెట్టెలో కూర్చుంది, తోక తగిలింది. ఆయన కంప్యూటర్‌కి కలపగానే తెర మీద ఓ ప్రశ్న వచ్చింది. ఈ డిస్కును వాడాలంటే ముందు దీన్ని చెరిపి సిద్ధం చేయాలి, చేయమంటారా అని. ఎవరైనా అంత మర్యాదగా అడిగితే కాదనడం మా వంశంలో లేదు. "చెయ్యమనండి" అంటూ నేనే 'సరే' నొక్కబోయాను.

"చెయ్యి తియ్!"

కస్మూరి గారు అమ్మా అనకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. వెంటనే నాకూ, తెరకూ క్షమాపణలు చెప్పుకుని, డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"ఇది మీ ల్యాప్‌టాప్ దగ్గర సరిగ్గా సెలవు తీసుకోలేదమ్మా. ఉన్నట్టుండి వచ్చేసింది. ఇప్పుడు తీసుకుంటోంది. రేపు రా."

మర్నాడు వెళ్ళాను. "ఇంకా తీసుకుంటోందమ్మా." మూడో రోజూ వెళ్ళాను. కొట్టు కొలిమిలా ఉంది. ఆయన బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ఉన్న ఒక్క ఫ్యానూ కొట్లో వేలాడే గుడ్డ తెర వెనక ఉన్న బల్ల వైపు తిరిగి ఉంది.

"ఆ ఫ్యాను కాస్త మనుషుల వైపు తిప్పుకోవచ్చుగా?" అన్నాను మంటగా.

"దాని దగ్గర సెలవు తీసుకోలేదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. "మనిషికి పిచ్చంటే సరే, ఆ పిచ్చి నా డిస్కుకి కూడా అంటించాలా?" మా అత్తయ్య మటుకు వణికే వేళ్ళు చూసుకుంటూ, "రానీలే, నిదానంగా రానీ" అంది.

నాలుగో రోజు తాడోపేడో తేల్చుకుందామని వెళ్ళాను. ఆయన లేరు, ఎవరింట్లోనో ప్రార్థనకు వెళ్ళారు. అంటే సాయంత్రం దాకా రారు. సులసి నన్ను చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళింది.

నా డిస్క్ తువ్వాలు మీద పడుకుని ఉంది. ఫ్యాను దాని మీదికే వీస్తోంది. పక్కన ఓ నోటుపుస్తకం. అందులో మా అత్తయ్య నమూనాల పేర్లు వరుసగా, ప్రతి పేరు పక్కనా గీతలు. కొన్నింటికి రెండు, కొన్నింటికి పదిహేడు.

"ఈ గీతలేంటక్కా?"

"ఎన్నిసార్లు అడిగితే వచ్చిందో ఆ లెక్క. పది నిమిషాలు తిరుగుతుంది, వేడెక్కి ఆగిపోతుంది. ఆపి, చల్లార్చి, మళ్ళీ అడుగుతాడు. ఒక్కో బొమ్మే ఇస్తోంది. నాలుగు రోజులుగా ఈ బల్ల దగ్గరే. ఇవాళ ప్రార్థనకి నేనే బలవంతాన పంపాను."

"మరి సెలవు తీసుకుంటోందన్నారు?"

"ఎవరి డిస్కయినా పోయేలా ఉంటే అలాగే అంటాడు. పోతోందని చెబితే నువ్వు ఇంటికెళ్ళి అన్నం తింటావా? ఇలా అంటే నువ్వు ఆయన్ని తిట్టుకుంటావు. తిట్టుకునేవాళ్ళకి ఆకలి బాగానే వేస్తుందట."

నిజమే. నాలుగు రోజులూ నేను రెండేసి సార్లు వడ్డించుకుని తిన్నాను. ఇదివరకు మంత్రసాని సితి డిస్క్ కూడా వారం రోజులు 'సెలవు తీసుకుందని' ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మనిషి మీద ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

మర్నాడు అరవై ఒక్క నమూనాలు చేతికొచ్చాయి, రెండు వేర్వేరు డిస్కుల్లో. "ఒకటి మీ ఇంట్లో, ఒకటి మీ అక్క ఇంట్లో" అని ఒట్టు వేయించుకున్నారు. ఒక్కటి మాత్రం ఎంతడిగినా రాలేదని ఆయనే నేరం చేసినట్టు తలవంచుకున్నారు.

నాతో వచ్చిన మా అత్తయ్య, ఆ రాని నమూనా పేరు చదివించుకుని నవ్వింది. "ఆ సన్నజాజి తీగా? వంకర టింకరగానే ఉంటుంది నాయనా అది. నా చెయ్యి ఇప్పుడు దానికి సరిగ్గా సరిపోతుంది."

పండగ గుడ్డలు వేళకి వెళ్ళాయి. మర్నాడే మేమందరం, అత్తయ్యా, నేనూ, ఆ ఆరుగురూ, పనసపొట్టు అన్నం గిన్నెడు పట్టుకుని కొట్టుకు వెళ్ళాం. ఆయనకు అత్తయ్య సన్నజాజి తీగ వేసిన గుడ్డ కప్పాం. కాసేపటికి బయల్దేరబోతే ఎవరికీ కాళ్ళు కదల్లేదు. ఆరుగురూ ఒక్కొక్కరే వెళ్ళి ఆయనకు చెప్పారు, సులసికి చెప్పారు, స్క్రూడ్రైవర్లకు చెప్పారు. గంటయింది. బయట నలుగురు గిరాకీలు పడిగాపులు పడుతున్నారు.

కస్మూరి గారు గడియారం చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్ళను తొందరపెట్టారు. "సెలవిచ్చాను తల్లీ, అందరికీ ఇచ్చాను, ఇంక బయల్దేరండి!"

వీధి మలుపు దాకా వచ్చేశాం. మా అత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఎక్కడికత్తయ్యా?"

"ఉండవే, ఫ్యానుకి చెప్పలేదు."