పుస్తకంలో లేని ఓడక్కారి

లోగనాయకమ్మకు చదువు రాదు. తమిళం గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరం పోల్చుకోలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగుకైతే ఆ ఇంట్లో ఎవరికీ అక్షరాలు రావు. అయినా పుదుచ్చేరిలో ఆమె ఉండే వీధిలో కథల గురించి ఆమెతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు.

ఆ గొప్ప భర్త సుబ్బరాయలుది. మిల్లులో పని దిగి ఇంటికి వచ్చాక, తమిళ వారపత్రికలో వచ్చే రాజుల కథ ముందేసుకుని, కళ్ళతో తమిళం చదువుతూ నోటితో తెలుగులో చెప్పేవాడు. ఆమె చేతిలో పని ఆగేది కాదు, చెవులు మాత్రం అతని దగ్గరే. కథ అయిపోయాక ఆ పేజీలన్నీ విప్పి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి అట్ట వేశాడు. కథల పిచ్చి ఉన్న ఇళ్ళన్నిటిలోనూ అప్పట్లో ఇదే పని. ఆ కుట్టిన పుస్తకం అతని చెల్లెలు వసంతమ్మ అడిగిందని విల్లియనూరు వెళ్ళింది, చదివి ఇస్తామన్న పుస్తకాలన్నిటిలాగే అక్కడే ఉండిపోయింది. సుబ్బరాయలు కూడా పోయి చాలా ఏళ్ళయింది.

2006లో కోడలు నిర్మల అదే కథను అచ్చు పుస్తకంగా కొనుక్కొచ్చింది. మధ్యాహ్నాలు చదివి అత్తకు తెలుగులో చెప్పసాగింది. లోగనాయకమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. అయితే మొదట్లోనే పేచీ వచ్చింది.

"రాజు గుర్రం తెల్లది గదా, నల్లది అంటావేంది?"

"ఇందులో నల్లదనే ఉంది అత్తా."

"మంత్రి చెల్లెలు యాడ పోయింది?"

"మంత్రికి చెల్లెలే లేదు."

చివరికి యువరాజు ఏరు దాటే చోటు వచ్చింది. పుస్తకంలో అతను వంతెన మీద గుర్రాన్ని దౌడు తీయించి వెళ్ళిపోయాడు. లోగనాయకమ్మ చేతిలోని చిక్కుడుకాయలు కింద పెట్టేసింది.

"ఓడక్కారి ఏదీ? ఏట్లో పడవ నడిపేది. అది లేకుండా వాడెట్ల దాటినాడు?"

నిర్మల ముందూ వెనకా తిరగేసి, అలాంటి మనిషే లేదంది. సేదరపేట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొడుకు రఘునాథన్ ఈ సంగతి విని దిగులుపడ్డాడు. పక్కవీధి పెద్దాయన ఒకాయన ఇలాగే లేనిపోనివి చెప్పడం మొదలుపెట్టి, ఆఖరికి ఇంటి దారి మరిచిపోయాడు మరి. "అమ్మను ఒంటిగా గ్యాసు కాడికి పోనీకు. శనివారం డాక్టరుకు చూపిద్దాం" అన్నాడు భార్యతో. కొడుకు మెల్లగానే అన్నాడు గానీ ఆ ఇంటి గోడలకు అంత మర్యాద లేదు.

లోగనాయకమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ తను ఏలిన వంటింట్లోకి ఇప్పుడు తోడు లేకుండా అడుగు పెట్టకూడదట. అదొక్కటేనా, ఓడక్కారి నిజంగా లేకపోతే, భర్త నోట విన్నానని తను దాచుకున్నవాటిలో ఇంకెన్ని ఉత్తవో. మర్నాడే కోడల్ని వెంటబెట్టుకుని విల్లియనూరు బస్సెక్కింది.

వసంతమ్మ అటక మీంచి పాత పుస్తకం దింపింది. నిర్మల చదువుతుంటే గుర్రం తెల్లగా బయటికొచ్చింది. మంత్రి చెల్లెలూ ఉంది, బొమ్మతో సహా. పుస్తకం వేసేటప్పుడు రచయితే మార్చేశాడన్నమాట. లోగనాయకమ్మ నిటారుగా కూర్చుంది. ఇక ఏరు వచ్చింది. ఒక పేజీలో యువరాజు ఇవతలి ఒడ్డున నిలబడి ఉన్నాడు, తర్వాతి పేజీలో అవతలి ఊళ్ళో భోంచేస్తున్నాడు. మధ్యలో ఒక వారం భాగం లేనే లేదు.

"చినిగిపోయిందా?" అంది లోగనాయకమ్మ.

"చినిగేదేంది వదినా, ఆ వారం పత్రికే రాలా. పుయలు గాలి, తుపాను కొట్టి మద్రాసు బండ్లన్నీ నిలిచిపోయె. మా ఊరి అంగట్లోనన్నా ఉందేమోనని అన్న ఈడిదాకా సైకిలు తొక్కుకోని వచ్చినాడు. యాడా దొరకలా. 'ఇంటికి పోతే కథ అడుగుతాది, ఏం చెప్పేది' అని తల పట్టుకున్నాడు." వసంతమ్మ ఆగి అడిగింది, "ఇంతకీ మీ ఓడక్కారి ఏం చేసిందంట?"

"యువరాజు ఓడెక్కబోతే, 'యాడికి? కాళ్ళు కడుక్కోని ఎక్కు' అనింది. 'నేనెవురో తెలుసా' అన్నాడు వాడు. 'ఎవురైతే నాకేంది, ఓడ తుడిచేది నేను' అనింది. నోరు మూసుకోని కడుక్కున్నాడు."

నిర్మల, వసంతమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒకటే నవ్వు. లోగనాయకమ్మ గడప తొక్కబోయి ఆ మాట పడని మనిషి పుదుచ్చేరిలో లేడు, పోస్ట్‌మ్యాన్‌తో సహా.

"అది నువ్వే గదా వదినా. ఇన్నేండ్లూ తెలీలేదా?"

తెలియలేదు. ఆ ఓడక్కారి ఎంత గట్టి మనిషో, తనకు అంత ధైర్యం ఎక్కడిదీ అనుకుంది, అంతే. ఏ పాత సంచికో ముందేసుకుని, వేలు పెట్టి మరీ చదువుతున్నట్టు నటించిన మొగుడు కళ్ళ ముందు మెదిలి ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బతికున్నన్నాళ్ళూ ప్రేమగా ఒక్క మాట అన్న పాపాన పోలేదు ఆ మనిషి. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తనే నవ్వుకుంది.

శనివారం డాక్టరు ఊసు ఎవరూ ఎత్తలేదు. విల్లియనూరు సంగతంతా నిర్మల అప్పటికే మొగుడికి చెప్పేసింది. ఆ సాయంత్రం వంతెన పేజీ దగ్గర పుస్తకం మూసి, "ఈడ నువ్వు చెప్పు అత్తా" అంది. లోగనాయకమ్మ పొయ్యి దగ్గర ఒక్కతే నిలబడి, పులుసు కలియబెడుతూ అక్కడి నుంచే అందుకుంది. యువరాజు ఏటి ఒడ్డుకు వచ్చాడు. అప్పుడే పని నుంచి వచ్చిన రఘునాథన్ గడప లోపల కాలు పెట్టబోయాడు.

"యాడికి?" అంది లోగనాయకమ్మ, వెనక్కి తిరగకుండానే.

రఘునాథన్ కాలు వెనక్కి తీసుకుని కుళాయి వైపు నడిచాడు.