నిమ్మళం గదిలో నేను పెట్టిన జాతర

నిజామాబాద్‌లో మనసు అల్లాడే వాళ్ల కోసం తెరిచిన గదిని, తెరిచిన రోజే మూయించబోయిన ఘనురాలిని నేనే. ఎలాగో చెబుతాను, వినండి. నన్ను మాత్రం తిట్టకండి, ఆ పని నేనే రోజూ చేసుకుంటున్నాను.

నేను ఆ దవాఖానాలో ఆయాను. అంతకుముందు మా డాక్టరమ్మ పగలు రోగులను చూసి గోళీలు రాసి పంపేది. మరీ తట్టుకోలేని స్థితిలో ఉన్నవాళ్లను హైదరాబాద్ తీసుకుపొమ్మనేది. దారిలో వాళ్ల యాతన తలచుకుని, వెనక గదిలో రెండు మంచాలు వేయించి, కుదుటపడేదాకా రెండు మూడు రోజులు ఇక్కడే ఉంచుకుందామంది. దాన్ని మేం నిమ్మళం గది అనేవాళ్లం.

మొదట వచ్చింది ఎడపల్లి ఊరి లక్ష్మి. నాలుగు రోజులుగా కంటికి కునుకు లేదు, నోట మాట లేదు, ఒళ్లంతా వణుకు.

"రాజవ్వా, ఈమె పండుకుంటే సగం గెలిచినట్టే. లేకుంటే హైదరాబాద్‌కే పంపాలె. లోపలికి ఎవ్వర్నీ రానియ్యకు" అంది డాక్టరమ్మ.

ఎవ్వర్నీనా! నాకు ఒళ్లు మండింది. మా వాడలో బర్రె ఈనితేనే పదిమంది చూడవస్తారే, మనిషికి బాగలేకపోతే రావద్దా? బయట బెంచీ మీదున్న లక్ష్మి భర్త ఫోన్ తీసుకుని ఆమె ఆడబిడ్డకు కలిపాను.

"మీ వదిన ఈడ ఒక్కతే పడున్నది. సూడనీకె రారా? మీకు మనసెట్ల ఒప్పుతున్నదమ్మా?"

మధ్యాహ్నానికి వచ్చారు. ఆటో ఒక్కటే, మనుషులు పదకొండు మంది. చెరుకు లారీలో గడలు కూడా అంత కిక్కిరిసి ఉండవు! నేనే తలుపు తీశాను. లక్ష్మి సన్నగా గురకపెడుతోంది.

"అయ్యో, మేమొచ్చినమని ఆమెకెట్ల తెలుస్తది?" అంది ఆడబిడ్డ.

నిజమే కదా అనిపించింది. నా బుద్ధికి తాళం వేసి ఎక్కడ పడేశానో గానీ, భుజం పట్టి కుదిపాను.

"లక్ష్మీ, లే బిడ్డా. నీకోసం అందరొచ్చిండ్రు."

కళ్లు తెరిచింది. వచ్చినవాళ్లలో ఉన్న మేనత్త, లక్ష్మి ముఖం మీదికి వంగి అడిగింది: "ఏందే, నిద్ర పడ్తలేదట గదా?"

నాలుగు రోజుల తర్వాత లక్ష్మి నోరు తెరిచింది.

"పడ్డది! గిప్పుడే పడ్డది! లేపిందెవరు?"

పదకొండు వేళ్లు నావైపు తిరిగాయి.

"ఇంట్ల గీ లొల్లికే గదా నాకు నిద్ర రాంది! పోండ్రి, అందరు పోండ్రి!" అని వణుకుతూ ఏడ్చింది.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "ఏం జేసినవ్, రాజవ్వా?"

"సూడనీకె వచ్చిండ్రమ్మా..."

"సూసిండ్రా?"

"సూసిండ్రు."

"ఇగ పంపియ్."

"పిలిచి మరీ పొమ్మంటవా?" అని ఆడబిడ్డ ఆటో ఎక్కేదాకా నన్ను కడిగేసింది. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, లక్ష్మి వణుకు తగ్గాక అడిగింది: "నీ దగ్గర ఎవరుంటే బాగుంటది?"

"ఎవ్వరొద్దు. గా అవ్వను దర్వాజ కాడ కూసోబెట్టుండ్రి. బయట దిక్కు."

కూర్చున్నాను. లక్ష్మి తెల్లారేదాకా పడుకుంది. హైదరాబాద్ పోవలసిన పని పడలేదు.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: పడుకున్న ప్రాణిని ఈ జన్మలో లేపను. పోయిన నెల లక్ష్మి పిలిస్తే వాళ్లింటికి బస్సులో బయలుదేరాం. దారిలో మా ఆయన కునుకు తీశాడు. ఎడపల్లిలో నేనొక్కదాన్నే దిగాను. ఆయన బస్సు ఆఖరుకు ఆగే బోధన్ చూసి వచ్చాడు.