నల్ల తోలు అట్ట

నాయన శవం చేతుల్లో యేసుప్రసాద్ పెట్టింది బైబిల్ కాదు. తమ్ముడు జయపాల్ ప్రాణంగా దాచుకున్న పుస్తకం. తన జిప్పు బైబిల్ మాత్రం చంకలోనే ఉంచుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టేవాళ్లు. జీతం రాగానే మా వీధిలో అందరూ టీవీలు, ఫోన్లు కొంటే, జయపాల్ మాత్రం మన దేశం తెల్లవాళ్లతో కొట్లాడి స్వతంత్రం తెచ్చుకున్న కథ చెప్పే పుస్తకాలు కొన్నాడు. కొంటే చాలదు. రాసినవాళ్ల ఇంటికి పోయి సంతకం చేయించుకోవాలి. ఆ తర్వాత మేకతోలు అట్ట కట్టించాలి. కడపలో బైబిళ్లకు అట్టలు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకుపోయేవాడు. ఆయనకు వచ్చింది ఒక్కటే తీరు: నల్ల తోలు, ఎర్ర అంచు, ఎర్ర రిబ్బను.

"తోలెందుకన్నా?" అని ఒకసారి అడిగాను.

"మా తాత చెప్పులు కుట్టిన తోలు తొక్కుకుంటా శానామంది నడిచినారప్పా. ఇప్పుడు దేశం కథను ఆ తోల్లో కూచోనీ."

వాటిలో ఒకటి మాత్రం వేరు. ఆ పోరాటంలో జైలుకు పోయొచ్చిన తొంభై ఏళ్లాయన రాసింది. మొదటి పేజీలో వణికే చేత్తో "జయపాల్, ఈ దేశం నీది కూడా" అని రాసి సంతకం పెట్టాడు. ఆ "కూడా" చూస్తే నాకు ఒళ్లు మండేది. జయపాల్ మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ పేజీ తెరిచి చూపించేవాడు. ఆ ఏడే పెద్దాయన పోయాడు.

పోయిన ఎండాకాలం వాళ్ల నాయన ఏసేపు చనిపోయాడు. మా చర్చిలో శవం చేతుల్లో బైబిల్ పెట్టి పూడుస్తారు. శవపెట్టె తేవడానికి జయపాల్ నంద్యాల పోయాడు. చదువు రాని తల్లి రాహేలమ్మ, అరమారలో నల్లగా కనిపించిన ఆ పెద్దాయన పుస్తకాన్ని బైబిలనుకొని తీసి పెద్దకొడుక్కిచ్చింది. యేసుప్రసాద్‌కు చదువొచ్చు. "తెరిచి చూసే పెట్నాడు నాయనా," అని తర్వాత ఆమే నాతో చెప్పింది.

సమాధుల తోటలో కడచూపుకు మూత తీసినప్పుడు జయపాల్ చూశాడు.

"అన్నా, అది బైబిలు కాదు. నా పుస్తకం."

"నల్ల అట్ట ఉండాది, రిబ్బను ఉండాది. తప్పు పట్టేదానికి నాయనకేమన్నా సదువొచ్చునా?"

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు.

"నీ బైబిలియ్యి, మారుస్తా."

"నాదెందుకియ్యాల? ఆదివారం నేనేం పట్టుకొని పోవాల?"

జయపాల్ పెట్టెలోకి చేయి చాచాడు. "శవం చేతిలోది గుంజుతావేరా, పాపిష్టోడా!" అని రాహేలమ్మ గుండెలు బాదుకుంది. పాస్టరు మేకులు కొట్టమన్నాడు. మొదటి పిడికెడు మట్టి జయపాల్ చేతే వేయించారు.

ఇప్పుడు యేసుప్రసాద్ మంచంలో ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. దగ్గితే రక్తం పడుతోంది. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చర్చివాళ్లు రోజూ వచ్చి ప్రార్థన చేసి పోతున్నారు.

జయపాల్‌ను చివరిసారి పాలిష్ మిషను దగ్గర కలిశాను. మోచేతుల దాకా తెల్ల బురద. నాయన పోయినాక ఒక్క పుస్తకమూ కొననివాడు మళ్లీ కడప పోయొచ్చాడని విని, ఏం కట్టించావని అడిగాను.

"మా అన్న పెట్టెలోకప్పా. నల్ల తోలే, ఎర్ర రిబ్బనే. లోపలన్నీ తెల్ల కాగితాలు. మొదటి కాగితం మీద సంతకం మాత్రం నేనే పెట్టినా."