లైనక్స్ మీద వేసిన నింద

ఆర్మూర్‌లో పసుపు మార్కెట్‌కు పోయే దారిలో, ఎరువుల దుకాణం పైన భూమేష్ కంప్యూటర్ల షాపు. మెట్లెక్కి వచ్చినవాళ్లు సంచిలోంచి మిషన్ తీయకముందే దాని రోగమేమిటో చెప్పేసేవాడు, నాడి పట్టకుండా మందిచ్చే వైద్యుడిలాగ. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. అందుకే నందిపేట్ నుంచి మాక్లూర్ దాకా అతని మాట చెల్లేది. 2008లో అతని కొంప ముంచింది ఆ చెల్లుబాటే.

సువార్త అంకాపూర్‌లో ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరింది. పగలు పొలాలు తిరిగి పైరు ఎట్లా ఉందో చూసి, సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఆ వివరాలు నెట్‌లో పంపడం ఆమె పని. నౌకరీ ఇంకా పక్కా కాలేదు. ల్యాప్‌టాప్ ఆమె సొంతం. విండోస్ కాకుండా లైనక్స్‌తో వచ్చింది. దసరాకు ముందు మెమరీ పెంచమని భూమేష్ దగ్గర వదిలి, పండగ దాటాక తీసుకుపోయింది. అప్పటినుంచి దాని వైర్‌లెస్ కుదురుగా నిలిచింది లేదు. కదపకుండా పెడితే వచ్చేది, కాస్త జరిపితే పోయేది. వివరాలు సగంలో ఆగిపోయేవి.

భూమేష్ చూశాడు, మళ్లీ చూశాడు. లైనక్స్ మొత్తం తీసి కొత్తగా ఎక్కించాడు. వైర్‌లెస్‌ను నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మార్చాడు. వైర్‌లెస్ స్విచ్ ఆఫ్‌లో ఉందని తెర మీద సిస్టం మొత్తుకుంటూనే ఉంది. కానీ ల్యాప్‌టాప్ ముందంచున ఉన్న గోరంత స్విచ్ ఆన్ వైపే ఉండటం అతను కళ్లారా చూశాడు. కాబట్టి లైనక్సే అబద్ధమాడుతోందని తీర్మానించాడు. కింది అంతస్తులోని ఎరువుల దుకాణం కాశీరాంకు ఆ తీర్మానం తెలిసింది, ఆయన నోటిగుండా మార్కెట్‌కు చేరింది. ఎన్నడూ కంప్యూటర్ ముట్టని హమాలీలు సైతం లైనక్స్ అంత మంచిది కాదట అని అనుకునేదాకా వచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. సువార్త మేనేజర్ గంగాదాస్ ఫోన్ చేసి, లోపం మిషన్‌దా మనిషిదా అని అడిగాడు.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్. వాడుడు తెల్వాలె గదా," అన్నాడు భూమేష్. అనేటప్పుడు అది అంత బరువైన మాటని అతనికి తోచలేదు.

శనివారం సువార్త వచ్చింది. సోమవారంనుంచి తన జాగాలో వేరే మనిషిని పెట్టుకుంటామన్నారని, ఎందుకని అడిగితే భూమేష్ అన్న మాటే చెప్పారని, గొంతు పెంచకుండా చెప్పింది.

"నా ముంగటనే చూడుండ్రి అన్నా. నా తప్పేందో నాకు చూపెట్టుండ్రి."

భూమేష్ ఆమెను ల్యాప్‌టాప్ వాడమని చెప్పి, తప్పు పట్టుకోవడానికి పక్కన నిలబడ్డాడు. ఆమె అన్నీ సరిగ్గానే చేసింది. ఇంకా బాగా కనబడాలని అతనే ల్యాప్‌టాప్‌ను తనవైపు జరుపుకున్నాడు. నెట్ పోయింది. ఈసారి అతని వేలు ముందంచున ఉంది. వేలికింద స్విచ్ వదులుగా ఆడింది. ల్యాప్‌టాప్‌ను లైటు కిందికి లాగి చూస్తే, స్విచ్‌ను పూర్తిగా ఆన్‌లోకి పోనీయకుండా సందులో ఏదో గట్టిగా పేరుకుని ఉంది. సన్న స్క్రూడ్రైవర్‌తో గీకాడు. పచ్చటి పొడి రాలింది.

పసుపు. తల్లి ముత్తెమ్మ పట్టించిన ఇంటి పసుపు. దసరానాడు పనిముట్లకు పూజ చేస్తూ, షాపులో తనవేవో పరాయివేవో చూడకుండా అన్ని మిషన్లకూ తడి పసుపు బొట్లు పెట్టాడు. దీనికి మూత మీద పెడితే కంపెనీ గుర్తు కనబడదని ముందంచున పెట్టాడు. ఆర్మూర్‌లో పసుపుకు కరువా? బొటనవేలి నిండా పెట్టాడు.

"తీస్కపోయిననాడు బొట్టు చూడలేదా చెల్లె?" తల ఎత్తకుండానే అడిగాడు.

"చూసిన. తుడ్సుకున్న. మేము పెట్టుకోమని మీకెరుకనే గదా. పండుగపూట పెట్టిండ్రు, ఏమంటమని ఊకున్న."

ఆదివారంపూట ఆమె కుటుంబమంతా చర్చికి పోయేది ఈ షాపు ముందునుంచే. భూమేష్ చెవులు వేడెక్కాయి. ఆమె అడగనిది పెట్టింది తను, అది చేసిన పాడుకు మాట పడింది ఆమె.

స్పిరిట్‌తో స్విచ్ తుడిచి ఆరనిచ్చాడు. ల్యాప్‌టాప్‌ను జరిపారు, ఎత్తారు, దించారు. నెట్ పోలేదు. అప్పుడు గంగాదాస్‌కు ఫోన్ చేసి, డ్రైవర్ సతాయించింది, సరిచేశానని మొదలుపెట్టాడు. పరువును ఇంకా కొనఊపిరితోనైనా ఇంటికి చేర్చుదామని ఆశ. నువ్వు బాగుచేయడం, ఆమె చెడగొట్టడం ఎన్నాళ్లు, వేరే మనిషిని చూసే ఉంచానన్నాడు గంగాదాస్. సువార్త ఎదురుగానే ఉంది. అతన్నే చూస్తోంది.

"ఆమె చెడగొట్టలే సార్," అన్నాడు భూమేష్. "దసరాకు నేను బొట్టు పెడితే పసుపు వోయి స్విచ్‌ల ఇరుక్కున్నది. నాకు సమజ్ గాలే. సమజ్ గాలేదని చెప్పేతందుకు సిగ్గయి ఆమె మీదికి తోసిన."

అటువైపు గంగాదాస్ ఆ సంగతి ఆఫీసులో వాళ్లకు చెప్పడం, వాళ్లు పగలబడి నవ్వడం స్పష్టంగా వినిపించాయి. భూమేష్ ఫోన్ పెట్టలేదు. నవ్వు అయిపోయేదాకా నిలబడి విన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఆమెకిమ్మన్నాడు గంగాదాస్.

ఆమె దాన్ని తీసుకుని మెట్ల దాకా పోయింది. "సరే సార్" అన్నదొక్కటే లోపలికి వినబడింది. తిరిగొచ్చి ఫోన్ బల్ల మీద పెట్టింది.

"సోమవారం రమ్మన్నడు," అని ల్యాప్‌టాప్ సంచిలో సర్దుకుంది.

మాఫ్ చెయ్యమనడానికి భూమేష్ మాటలు కూడదీసుకునేలోపే ఆమె ఆటో కోసం మెట్లు దిగిపోయింది. కింద కాశీరాం ఆమెను ఆపి, చివరికి లైనక్స్‌దే తప్పని తేలిందా అని అడగడం వినిపించింది. భూమేష్ తలుపు దగ్గరికొచ్చి చెవి పెట్టాడు.

"అన్ననే అడుగుండ్రి," అంది సువార్త.

కాశీరాం చెప్పుల చప్పుడు మెట్లెక్కసాగింది.