మోకాళ్ళ మీది చేతులు

వాయుసేనలో మా మామ నేర్పింది పైలట్లకు కాదు, పైలట్లకు నేర్పబోయే వాళ్ళకు. రిటైరై తిరుత్తణి వచ్చాక నాకు కారు నేర్పారు. పక్క సీట్లో ఆయన చేతులు ఎప్పుడూ మోకాళ్ళ మీదే ఉండేవి.

"తప్పు చేసినోళ్ళే దిద్దుకోవాల. నేర్పేవాడు చెయ్యి పెట్టకుండా కాసుకోని ఉండాల" అనేవారు.

ఒకరోజు కొండ దారి మలుపులో కారు అంచుకు జరిగింది. నేను తిప్పేలోపే ఆయన స్టీరింగ్ లాగేశారు.

"నేనే తిప్పుతా ఉండినాను గదా మామా! కాసుకోని ఉండాలంటివే?" అని విసుక్కున్నాను.

కారు ఆపించి, లోయలోకి చూశారు.

"అట్లనే నేర్పి పంపించినానమ్మా ఒకణ్ణి. వాడు కాసుకోనే ఉండిపోయినాడు. విమానంలో వాడూ, వాడి శిష్యుడూ, ఇద్దురూ తిరిగి రాలా."

చేతులు మళ్ళీ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. అంతలోనే వాటిని తీసి తొడల కింద దాచుకుని, "పోనియ్యమ్మా" అన్నారు.