లేని చెల్లెలు

ఆ స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మని పిల్లలు చాటుగా కంచు టీచర్ అనేవారు. పై అంతస్తులో ఆవిడ ‘కూర్చోండి’ అంటే కింద అంతస్తులో ఇంకో క్లాసు కూడా కూర్చుంటుందని వాళ్ళ జోకు. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పైకి ఏమీ ఎరగనట్టు ఉండేది గానీ లోలోపల మురిసిపోయేది. తోటి టీచర్లు కూడా ఏ క్లాసు అదుపు తప్పినా ఆవిడనే పిలిచేవారు. గుమ్మంలో నిలబడి ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, లోపల గప్‌చిప్.

అలాంటి మనిషికి ఒకరోజు తొమ్మిదో తరగతిలో, బోర్డు మీద లెక్క సగంలో ఉండగా నోరు పెగల్లేదు. గుండె దడదడలాడింది. అరచేతులు చల్లబడ్డాయి. గోడలు మీదికి వచ్చేస్తున్నట్టూ, ఇంకో నిమిషంలో ప్రాణం పోతుందన్నట్టూ అనిపించింది. చాక్‌పీసు ఎక్కడ పడిందో కూడా చూసుకోకుండా కుర్చీలో కూలబడి, ‘మిగిలింది మీరు చెయ్యండి’ అంది. ఆ పీలగొంతు ఎవరిదా అని పిల్లలు తలలెత్తి చూశారు. కాసేపటికి అన్నీ సర్దుకున్నాయి. కానీ ఆ తర్వాత వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. వస్తోందని తెలియగానే బాత్రూములోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున గోడకి ఆనుకుని నిలబడేది.

గుండె డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ‘గుండె గుర్రంలా ఉందమ్మా. ఒకసారి మానసిక వైద్యుడికి చూపించుకోండి’ అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆవిడ మొగుడితో మాట్లాడలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ అంది:

“అంటే నాకు పిచ్చని చెప్పాడు. అంతేగా?”

“ఆయన ఆ మాట ఎప్పుడన్నాడే?”

“అనక్కర్లేదు. నాకు అర్థమైంది.”

మొగుడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. నెమ్మదస్తుడు. నాలుగు రోజులు ఊరుకుని, ఐదోరోజు అన్నం దగ్గర కదిపాడు. “ఇదిగో, కళ్ళు మసకేస్తే జనం నా దగ్గరికి తిన్నగా నడిచొస్తారు. ఎవరూ మొహం దాచుకుని రారు. నువ్వూ అలాగే అనుకుని ఒక్కసారి రా.”

“వస్తాను. మన పేటలో డాక్టరు మాత్రం వద్దు.”

ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారితే గానీ చేరలేని చోట ఒక డాక్టరుని పట్టుకున్నారు. దుకాణంలోంచి పెద్ద నల్లకళ్ళజోడు ఒకటి తెచ్చుకుని, అది పెట్టుకుని వెళ్ళింది. వానాకాలం మబ్బులో ఆ కళ్ళజోడు చూసి బస్సులో జనమంతా ఆవిడనే చూశారు. మొగుడు కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

మందులు పనిచేశాయి. నిద్ర పట్టింది, దడ తగ్గింది, గొంతు తిరిగొచ్చింది. మాత్రల అట్టని మాత్రం తలనొప్పి బిళ్ళల పెట్టెలో దాచి, తలుపు గడియ పెట్టుకుని మరీ మింగేది. తను బాగుపడటం కంటే, ఎలా బాగుపడిందో ఎవరికీ తెలియకపోవడమే ఆవిడకి ఎక్కువ ఊరట.

అలా నెలలు గడిచాక ఒక సాయంత్రం ఒంటరిగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. హాల్లో కూర్చుని పాత వారపత్రికలో మొహం దూర్చి ఉండగా ఎవరో చప్పున పలకరించారు.

“టీచరమ్మా! మీరేంటి ఇక్కడ?”

తలెత్తితే, తన తొమ్మిదో తరగతి పిల్ల తల్లి. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. ఆ పక్కనే పిల్ల. ఒకప్పుడు రేఖాగణితంలో టీచరు కంటే ముందు జవాబు చెప్పేసేది. ఈమధ్య డెస్కు మీద తలవాల్చి పడుకోవడం తప్ప ఏమీ చేయడం లేదు.

“మా చెల్లెలి కోసం వచ్చానండీ. లోపలుంది.”

అబద్ధం అంత నున్నగా ఎలా జారిందో ఆవిడకే తెలియదు. తల్లి అయ్యో అంటూ పక్క కుర్చీలోకి జరిగింది. కష్టంలో తెలిసిన మొహం కనబడ్డ సంతోషం ఆ మనిషిది.

“మా బుజ్జికీ అంతేనమ్మా. ఊరికే గుండెదడ, ఏడుపు, తిండి సయించదు. మాత్రలిచ్చారు. చాలాకాలం వాడాలంట. మా అత్తగారేమో ఆడపిల్లకి ఇవన్నీ అలవాటు చేస్తే రేపు పేరు పాడవుతుందని ఒకటే గోల. మీరు చదువుకున్నోళ్ళు. మీ చెల్లెలికి గుణం కనిపించిందా? వాడమంటారా?”

పిల్ల తలెత్తి టీచరు వైపు చూసింది.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ గట్టిగా అవునంటే, నీకెలా తెలుసని అడుగుతుందేమో. తన కళ్ళలోనే ఏదో బయటపడిపోతుందేమో. ఈ హాలుతో తనకేమీ సంబంధం లేదన్నట్టు కనిపించాలి, అంతే. టీచరు పెదవి విరిచింది.

“ఏమోనండీ, నాకంత తెలీదు. చిన్నపిల్ల కదా, వయసుతో అవే సర్దుకుంటాయేమో. ఇప్పట్నుంచీ మాత్రలెందుకు?”

తల్లి బుద్ధిగా తలూపింది. పిల్ల మళ్ళీ తలవంచేసుకుంది. టీచరు ఫోను వచ్చినట్టు నటిస్తూ లేచి బయటికి నడిచి, డాక్టరుని చూడకుండానే బస్సెక్కింది.

ఇంట్లో సంగతి విన్న మొగుడు పడీపడీ నవ్వాడు. “పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాకో మరదలు పుట్టిందన్నమాట! ముందే చెప్తే చీరైనా పెట్టేవాణ్ణి కదే.” ఆవిడా నవ్వింది. తల్లి అడిగిన ప్రశ్న, తను ఇచ్చిన జవాబు మాత్రం చెప్పలేదు. అది చెబితే ఆయన నవ్వు ఆగిపోతుందని తెలుసు.

ఆ తర్వాత కొద్దిరోజులకే పైనుంచి ఆదేశాలు వచ్చాయి. ప్రతి స్కూల్లోనూ పిల్లలు, టీచర్లు మనసు విప్పి మాట్లాడుకోవడానికి వారానికో గంట కేటాయించాలట, దాన్ని ఒక టీచరు చూసుకోవాలట. హెడ్‌మిస్ట్రెస్ మరో ఆలోచన లేకుండా లెక్కల టీచరుని పిలిచింది.

“నీ అంత గట్టి మనిషి మన స్టాఫులో ఎవరున్నారమ్మా? నువ్వే చూసుకో.”

వద్దంటే ఎందుకంటారు. ఒప్పుకుంది. మొదటి గంట తొమ్మిదో తరగతికే పడింది. ఆ కంచుగొంతుతోనే చెప్పింది: “ఏ బాధైనా దాచుకోకండి. పెద్దవాళ్ళతో చెప్పుకోండి. మనసుకి జబ్బు చేస్తే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.” చెబుతూ చెబుతూ కిటికీ పక్క బెంచీ వైపు చూసింది. ఆ పిల్ల తనవైపే చూస్తోంది. కోపంగా కాదు. తూకంలో మోసం చేసిన కొట్టువాణ్ణి, ఏమీ అనకుండా, చూసి ఊరుకున్నట్టు చూసింది. టీచరు చెంపలు వేడెక్కాయి. మిగతా గంటంతా గోడకున్న చార్టుతో మాట్లాడింది.

తర్వాత ఆ పిల్ల బడికి రావడం తగ్గిపోయి, చివరికి పూర్తిగా మానేసింది.

ఒక మధ్యాహ్నం తల్లే స్టాఫ్‌రూముకి వచ్చింది. కళ్ళకింద నల్లగా ఉంది. హెడ్‌మిస్ట్రెస్, డ్రిల్లు మాస్టారు, ఇంగ్లీషు టీచరు, అందరూ అక్కడే భోజనాల దగ్గర ఉన్నారు.

“టీచరమ్మా, మీరు చెప్పినట్టే మాత్రలు ఆపేశాం. మొదట్లో బాగానే ఉన్నట్టనిపించింది. ఇప్పుడు మంచం దిగట్లేదు. తల కూడా దువ్వించుకోవట్లేదు. మీ చెల్లెలికి కూడా ఇలాగే అయ్యిందా? వాళ్ళేం చేశారమ్మా?”

ఇంగ్లీషు టీచరు ముద్ద చేతిలోనే ఆపింది. “నీకు చెల్లెలెక్కడిదే? నువ్వు ఒక్కర్తివే కదా!”

గదిలో అందరూ తననే చూస్తున్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఇంకోటి రాదు. టీచరుకి తన గొంతు తనకే వినిపించింది. “మా పెదనాన్న కూతురులే. మీరు పదండమ్మా, మళ్ళీ డాక్టరుకి చూపించండి.”

తల్లి వెళ్ళిపోయింది. టీచరు క్యారేజీ మూత పెట్టేసింది. లేని చెల్లెల్ని కాపాడటానికి ఇప్పుడు పెదనాన్నని కూడా తెచ్చుకుంది. ఇంతకుముందు బాత్రూములో కుళాయి చాటున దాక్కున్నప్పుడు ఒంట్లో ఏదో పాడైందని సిగ్గుపడేది. ఇవాళ్టి సిగ్గు వేరు. ఇది మాత్రలకి లొంగేది కాదు.

బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళింది. ఒకటే గది. కిటికీ దగ్గర కుట్టుమిషను, చుట్టూ గుడ్డముక్కలు. మూల మంచం మీద పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి కంగారుగా కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది. టీచరు కూర్చోలేదు.

“నాకు చెల్లెలు లేదండీ.”

తల్లి మొహం పాలిపోయింది. “అయ్యో! ఎప్పుడు పోయిందమ్మా?”

“పోలేదు. అసలు ఎప్పుడూ లేదు. ఆరోజు డాక్టరు దగ్గరికి నా కోసమే వచ్చాను. నేను కూడా మాత్రలు వేసుకుంటున్నాను. వాటివల్లే మళ్ళీ క్లాసులో నిలబడగలుగుతున్నాను. మీరు అడిగితే చెప్పడానికి నామోషీ వేసింది.”

తల్లికి ఆ మాటలు ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక, చేతిలో బట్టలు మిషను మీద పడేసింది.

“మీరు వేసుకుంటూ... నా పిల్లకి వద్దన్నారా?”

“అన్నాను.”

“మీరు చెప్పారు కాబట్టే మా అత్తగారితో పోట్లాడటం మానేశాను. టీచరమ్మే అంది కదా అని మానేశాను!” ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది టీచరుకి. “ఇంకెవరైనా అయితే ఈపాటికి గుమ్మం బయట ఉండేవారు. మీరు కాబట్టి ఏమనాలో తెలియట్లేదు.”

అప్పుడు మంచం మీంచి, గోడవైపు నుంచే, మాట వినబడింది.

“నాకు తెలుసమ్మా.”

“నీకేం తెలుసే?”

“టీచరు తన కోసమే వచ్చారని. క్లాసులో చాక్‌పీసు పడిపోయిన రోజు చూశాను. నాకు వచ్చేది కూడా అదే.” దుప్పటి భుజం మీదికి లాక్కుంది. “ఆరోజు హాల్లో చెప్తారేమో అనుకున్నాను.”

 క్షమించమని అడగడానికి టీచరుకి మొహం చెల్లలేదు. “రేపు నాతో డాక్టరు దగ్గరికి వస్తావా?” అని మాత్రం అడిగింది. పిల్ల వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

మర్నాడు ముగ్గురూ వెళ్ళారు. ఎవరు చెప్పి మాన్పించారని డాక్టరు కోపంగా అడిగితే, ‘నేనే’ అని టీచరు చెప్పింది. ఆయన అన్న మాటలన్నీ నిలబడి వింది. ఏళ్ళ తరబడి పిల్లల్ని నిలబెట్టి తిట్టిన మనిషి, తల్లీకూతుళ్ళ ముందు అలా నిలబడింది.

ఆ వారమే హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళి, ఆ గంట ఇంకెవరికైనా ఇవ్వమని, ఎందుకో చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ చాలాసేపు బల్లమీద కాగితాలు సర్దింది. “పిల్ల సంగతిలో నువ్వు చేసింది తప్పే. అందుకు ఆ గంట తీసేస్తానంటే అర్థం ఉంది. నువ్వు మందులు వాడుతున్నావని మాత్రం తీసెయ్యను. ఇంకో టీచరుతో కలిసి చెప్పు. ఒక్కదానివే సలహాలు ఇవ్వొద్దు” అంది. సంగతి స్టాఫ్‌రూములోనూ టీచరే స్వయంగా చెప్పింది.  ఇంగ్లీషు టీచరు కొన్నాళ్ళు, ఎక్కడ పగులుతుందోనని గాజుగ్లాసుతో మాట్లాడినట్టు మాట్లాడింది. మరో రెండు వారాలకి డ్రిల్లు మాస్టారు వరండాలో ఆపి, అటూ ఇటూ చూసి, ఆ డాక్టరు చిరునామా కావాలన్నాడు. “మా బావమరిదికి లెండి” అన్నాడు. ఆవిడ ఎవరికని అడగలేదు, చిరునామా చెప్పేసింది. ఒక పిల్లాడి తండ్రి మాత్రం ‘మందులు మింగే టీచరు దగ్గర మా వాణ్ణి కూర్చోబెట్టను’ అని సెక్షను మార్పించుకున్నాడు. ఆ మాట విన్న రోజు అన్నం సయించలేదు. అయినా బడి మానలేదు.

పిల్ల కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. అర్ధ సంవత్సర పరీక్షలు పోయాయి. తిరిగొచ్చాక మొదట్లో సగం పూటే ఉండేది. మనసు విప్పే గంటలో ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే, పక్కనున్న సైన్సు టీచరుతోనే మాట్లాడేది. లెక్కల టీచరు అది చూసి బోర్డు తుడుచుకునేది. అలా జరగడం న్యాయమేనని తెలుసు. తెలిసినంత మాత్రాన గుచ్చుకోకుండా ఉండదు కదా.

ఏడాది చివర్లో ఒకరోజు ఆ పిల్ల వృత్తాల లెక్క తెచ్చి బల్లమీద పెట్టి, “ఇక్కడ ఆగిపోయింది టీచర్” అంది. టీచరు చూసి, మామూలు గొంతుతో దారి చెప్పింది. పిల్ల అక్కడే నిలబడి పూర్తి చేసి, జవాబు కింద గీత గీసి, థాంక్స్ చెప్పి వెళ్ళింది. అంతకుమించి వాళ్ళ మధ్య ఇంకే మాటా జరగలేదు. ఆ పిల్ల పదోతరగతి మంచి మార్కులతోనే పాసయింది.

తల్లి ఇప్పటికీ వీధిలో ఎదురుపడితే తలూపుతుంది, ఆగదు. టీచరు కూడా తలూపుతుంది. ఆ మనిషి సందు మలుపు తిరిగేదాకా చూసి, అప్పుడు తన దారిన తను పోతుంది.