నేతాయనకు నేనంటగట్టిన జ్వరం

ఆ రోజు నేను అబద్ధం ఆడాను. గద్వాలలో నేత పూర్తయి, తెల్లగుడ్డలో చుట్టి సిద్ధంగా ఉన్న చీరను కళ్లారా చూసి, చేత్తో తాకి కూడా, ఇంటికొచ్చి "కాలేదంట" అన్నాను.

అది మా అక్క కూతురి పెళ్లిచీర. అప్పటికి లగ్గానికి రెండు రోజులుంది. మా వైపు పెళ్లికూతురు మేనమామ పెట్టిన చీరతో పీటల మీద కూర్చుంటుంది. మేనమామలం ఇద్దరం. పెద్దవాణ్ని నేను, పద్నాలుగేళ్లుగా మస్కట్‌లో కరెంటు పని చేస్తున్నాను. తమ్ముడు ఇటిక్యాల దగ్గర, అక్క వాళ్ల ఊళ్లోనే మిరప వేస్తాడు. ఆ పిల్ల బడికి పోయింది వాడి బండి మీదే, కాలేజీకి పోయిందీ వాడి బండి మీదే.

నేను మస్కట్ నుంచి రాళ్లు కుట్టిన బరువైన చీర తెచ్చాను. వాడు గద్వాలలో ఒక పెద్దాయన దగ్గర నేయించాడు. ఏది కట్టుకుంటావని అడిగితే, "లగ్గానికి చిన్నమామది. అప్పగింతలప్పుడు నీది కట్టుకుంట పెద్దమామా" అంది పిల్ల. నేను నవ్వాను. ఆ పూట అన్నం సయించలేదు.

పెళ్లి పనులన్నీ నా చేతుల మీద జరగాలని బతిమాలి సెలవు తెచ్చుకున్నాను. ఒక్క పనీ నా చేతికి చిక్కలేదు. పత్రికలు పంచడానికి వనపర్తి వెళ్తే చుట్టాల్లో సగం మంది ఇళ్లు మారారు. ఎక్కడికి మారారో తమ్ముడికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. టెంటాయనతో గట్టిగా మాట్లాడదామని పోతే, ఆయన కుర్చీ తుడిచి, చాయ్ తెప్పించి, "అన్ని మీ తమ్మునితోని మాట్లాడినం సార్, మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు తండ్రి నన్ను మస్కట్ ఎండల గురించి అడిగి, భోజనాల సంగతి మా తమ్ముడితో మాట్లాడాడు.

ఆ రోజు తమ్ముడు వంటవాళ్లతో ఉండిపోవడంతో, చీర తెచ్చే పని నాకు పడింది. నేను వెళ్లేసరికి నేతాయన ఇంట్లో లేడు. ఆయన భార్య మడత విప్పింది. ఉల్లిపొర రంగు నూలు, ముదురాకుపచ్చ పట్టు అంచు.

"పోగు పోగు కలిపి అంచు అతకాలె సార్. మీ తమ్ముడు పదిహేను దినాలకోసారి వచ్చి చూసిపోతుండె. పిల్ల చామనచాయ, గీ రంగే బాగుంటదని ఆయననే చెప్పిండు."

మస్కట్ దుకాణంలో నేనైతే అన్నిటికన్నా మెరిసే చీర చూపించమన్నాను. పిల్ల ఛాయ గురించిన ఆలోచనే నాకు రాలేదు. "ఉండనియ్యి అమ్మా, మా తమ్ముడే వచ్చి తీస్కపోతడు" అని చెప్పి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి, "కాలేదంట. పెద్దాయనకు జ్వరమంట" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణమే. "పోనీ తియ్యి, పెద్దమామ చీర లేదా ఏంది" అంది. ఆ మాట కోసమే కదా నేను అంత చేసింది. అయినా లోపల మంట చల్లారలేదు.

పెళ్లివంటలకు గాడిపొయ్యి తవ్విన మట్టి చేతులతోనే తమ్ముడు వచ్చాడు. "జ్వరమా? ఎన్ని దినాల సంది అన్నా?"

"తెల్వదు."

"కొడుకులు హైదరాబాద్‌ల ఉంటరు. ఆమె ఒక్కతే ఏం జేస్తది? జర దవాఖానల చూపిచ్చి వస్త."

అక్క అరిచింది. "ఎల్లుండి లగ్గం పెట్టుకోని యాడికి పోతవురా? నువ్వేమన్న డాక్టర్‌వా?"

"గట్ల పోయి గిట్ల వస్తనే అక్కా."

చీర గురించి ఒక్క మాట అడగలేదు. చేతులు కడుక్కుని బండి స్టార్ట్ చేశాడు. నేను పరుగున వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను.

"పోకురా. ఆయనకేం గాలే. చీర అయ్యింది. నేనే తేలే."

"ఎందుకు?"

"నీది కట్టుకుంటదని."

బండి ఆపాడు. "నా మీద కోపముంటె నన్ను తిట్టాలె గదన్నా. ఆ ముసలాయనకు జ్వరమెందుకు వెడితివి?" అన్నాడు. నవ్వుతూ అన్నది కాదు. బండి దిగి తాళం నా చేతిలో పెట్టాడు. "నువ్వే పో."

మళ్లీ గద్వాల వెళ్లాను. ఈసారి నేతాయన ఇంట్లోనే ఉన్నాడు. ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో దాచకుండా చెప్పి, తప్పయిందన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నయం, జ్వరమంటివి. ఇంకేమన్న అనుంటె చుట్టాలందరు ఏడ్చుకుంట దిగుతుండ్రి" అన్నాడు.

చీర తెచ్చి అక్క ఎదుటే పిల్ల చేతిలో పెట్టి, అబద్ధం సంగతి చెప్పాను. పిల్ల చీర తీసుకుని లోపలికి పోయింది. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం, "ఈ వయసుల నీకు గివేం బుద్ధులురా" అంది.

లగ్గం నాడు పిల్లను చెయ్యి పట్టి పందిట్లోకి తెచ్చే వంతు పెద్ద మేనమామది. పెళ్లి చేయించే అయ్యగారు నన్ను పిలిచారు. "తమ్ముడు తెస్తడు" అన్నాను.

"పెద్దోనివి నువ్వుండంగనా?" అంది అక్క.

"వాడే తేవాలె."

వాడు తెచ్చాడు. చూస్తూ నిలబడ్డాను. కుళ్లు పోయిందని చెప్పను, అప్పుడు కూడా కలుక్కుమంది. వరసల్లో కూర్చున్న ఆడవాళ్లు అంచు చూసి ఆశ్చర్యపోతున్నారు. ఒక పెద్దమ్మ నా వైపు తిరిగి, "ఏమయ్యా, మస్కట్ మామ పెట్టిండంటె గింత బాగుంటదా!" అంది.

"నేను గాదు పెద్దమ్మా" అన్నాను. "మా తమ్ముడు పెట్టిండు. రంగు గూడ వాడే చెప్పి నేయించిండు."

ఆమెకు సరిగా వినిపించినట్టు లేదు. దగ్గరికి వెళ్లి, ఇంకా గట్టిగా మళ్లీ చెప్పాను.